మడ అడవిలో చక్రాల బాట



అడవి చూడాలంటే పిక్కబలం ఉండాలని మనలో ఒక నమ్మకం పాతుకుపోయి ఉంది. కొండ ఎక్కాలి, వాగు దాటాలి, ముళ్ళు తప్పించుకోవాలి, పొద్దుగూకేసరికి ఒళ్ళు హూనమై ఇల్లు చేరాలి. అప్పుడే అడవి చూసినట్టు లెక్క. ఈ లెక్కన పోలియో వచ్చినవాళ్ళు, పక్షవాతంతో ఒక పక్క పడిపోయినవాళ్ళు, ప్రమాదంలో వెన్ను దెబ్బతిన్నవాళ్ళు, మోకాళ్ళు అరిగిపోయిన అమ్మమ్మలు, తాతయ్యలు అందరూ గేటు బయటే. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో వైకల్యం ఉన్నవారు 2 కోట్ల 68 లక్షలని తేలింది. వారిలో కదలికకు సంబంధించిన వైకల్యం ఉన్నవారే సుమారు 54 లక్షలు. మోకాళ్ళ నొప్పుల అమ్మమ్మలు ఆ లెక్కలోకి రానే రారు.

ఈ పూట నేను చెప్పబోయేది ఒక చిన్న దారి గురించి. పొడవు అరకిలోమీటరు ఉన్నా చాలు. చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి, ఎవరిచేతా మోయించుకోకుండా, తన చేతులతో తాను చక్రం తిప్పుకుంటూ వెళ్ళి, అడవిని చూసి, అలాగే తిరిగి రాగలిగిన దారి. అడవి అంటే సొంత గడ్డమీద తనంతట తాను మొలిచిన అడవి అని నా ఉద్దేశం. వరసలుగా నాటిన జామాయిలు తోటనూ, సరుగుడు తోటనూ, ఖాళీ నేలంతా ఆక్రమించిన సర్కారు తుమ్మనూ మనం మాటవరసకు అడవి అంటాం గాని, అవన్నీ బయటినుంచి వచ్చిన చెట్లు.

ముందుగా ఒక ఇంటి సంగతి. మా అక్కయ్యకు చిన్నతనంలోనే పోలియో సోకింది. చాలా ఏళ్ళ క్రితం మేమంతా కలిసి ఒక అడవి ఉద్యానవనానికి వెళ్ళాం. ఊరి పేరు అనవసరం. టిక్కెట్లు తీసుకున్నాం. లోపలికి వెళ్ళే చోట మూడు మెట్లు. మెట్లు దాటితే మనిషి ఒక్కడే పక్కకు తిరిగి దూరవలసిన ఇనుప తిరుగుడు గేటు. "నలుగురం పట్టుకుని ఎత్తేస్తాం అక్కా" అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "నేను అడవి చూడ్డానికొచ్చానురా, బియ్యం బస్తాలా వెళ్ళడానికి కాదు. మీరు వెళ్ళి చూసి రండి, వచ్చి చెబుదురుగాని" అంది. మేం రెండు గంటలు తిరిగి వచ్చేదాకా టిక్కెట్ల గది పక్కన, మా నీళ్ళ సీసాలకూ సంచులకూ కాపలాగా కూర్చుంది. వచ్చి చూసినవన్నీ చెప్పాను. అంతా విని, "నువ్వు చెప్పినవన్నీ పైన ఉన్నవే. కింద ఏముందో చూడలేదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నేను కిందికి చూడనే లేదు.

అదలా ఉంచి, ఇప్పుడు కోరింగ వెళదాం. యానాంనుంచి కాకినాడ వెళ్ళే రోడ్డు మీద ఉన్న ఊరు కనుక యానాం శ్రోతలకు ఇది పొరుగూరే. ఒకప్పుడు గొప్ప ఓడరేవు. ఇక్కడినుంచి ఓడలెక్కి బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళను అక్కడివాళ్ళు కొరింగీలని పిలిచేవారంటే ఆ రేవు పేరు ఎంతదూరం వెళ్ళిందో చూడండి. 1839 నవంబరులో వచ్చిన తుపానూ ఉప్పెనా ఆ రేవును దెబ్బతీశాయి. ఓడలు పోయాయి గాని అడవి మిగిలింది. గోదావరి సముద్రంలో కలిసే చోట, ఉప్పునీరూ మంచినీరూ కలగలిసిన బురదలో పెరిగిన మడ అడవి అది. 1978లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకు పైమాట. ఈ మడ చెట్ల మధ్యగా, బురదకు ఎత్తున, చెక్కలతో వేసిన నడకదారి ఉంది.

చక్రాల కుర్చీ సంగతి చెబుతూ అన్ని అడవులూ వదిలి మడ అడవినే ఎందుకు ఎంచుకున్నానంటే, ఇక్కడ ఒక తమాషా ఉంది. మామూలు అడవిలో కాళ్ళున్నవాడు ముందుకు పోతాడు, లేనివాడు ఆగిపోతాడు. మడ అడవిలో ఇద్దరూ ఆగిపోతారు. అడుగు వేస్తే మోకాటిదాకా బురద. ఆ బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు వేలకొద్దీ వేళ్ళు పైకి పొడుచుకుని ఉంటాయి. రోజుకు రెండుసార్లు నీళ్ళు వచ్చి దారిని కప్పేస్తాయి. చేపలవేటలో పుట్టి పెరిగినవాళ్ళు తప్ప, ఎంత పిక్కబలం ఉన్నవాడైనా ఇక్కడ నాలుగు గజాలు నడవలేడు. అంచేతనే చెక్కదారి వేశారు. అంటే, మడ అడవిలో ఆ చెక్కదారి అందరికీ చక్రాల కుర్చీ వంటిదే. నడిచేవాడి కోసం అంత ఖర్చుపెట్టి దారి వేస్తున్నప్పుడు, ఇంకొంచెం జాగ్రత్త తీసుకుంటే అదే దారి చక్రానికీ పనికివస్తుంది. ఆ ఇంకొంచెం అనేది ఏమిటో చెప్పడమే ఈ ప్రసంగం.

దానికి ముందు, అక్కడ కూర్చుని చూస్తే ఏం కనిపిస్తుందో చెప్పాలి. ఎందుకంటే మడ అడవిలో చూడవలసినదంతా దాదాపు కిందే ఉంది.

పెన్సిళ్ళలాంటి వేళ్ళని చెప్పాను. అవి ఊపిరి పీల్చుకునే వేళ్ళు. బురదలో గాలి ఆడదు కదా. నల్ల మడ, తెల్ల మడ చెట్లు తమ వేళ్ళనుంచి ఈ ముక్కుల్ని పైకి పంపి, నీళ్ళు తీసినప్పుడు గాలి పీల్చుకుంటాయి. మనవాళ్ళు మీద అడుగు వేశారంటే అవి పుటుక్కున విరుగుతాయి. పొన్న జాతి మడది వేరే పద్ధతి. కాండంనుంచి విల్లులా వంగిన ఊతవేళ్ళు నలుదిక్కులా బురదలోకి దిగి, చెట్టును పందిరి గుంజల మీద నిలబెట్టినట్టు నిలబెడతాయి. ఈ చెట్టుకు ఇంకో విశేషం. విత్తనం కాయలో ఉండగానే, కొమ్మ మీదనే మొలకెత్తుతుంది. పొట్టి మునగకాడల్లా పచ్చగా వేలాడేవి కాయలు కావు, తల్లిని వదలని పిల్లమొక్కలు. అదను వచ్చాక ఊడి, నీళ్ళు లేకపోతే కిందనే బురదలో గుచ్చుకుంటాయి, నీళ్ళుంటే తేలుతూ పోయి ఎక్కడో ఒడ్డున పాతుకుంటాయి.

తాగే నీళ్ళలో ఉప్పు ఎక్కువైతే మనం బతకం. మడ ఎలా బతుకుతోంది? ఆకుల్లో ఉన్న సన్నని గ్రంథులద్వారా ఉప్పును బయటికి కక్కేస్తుంది. ఎండపూట ఆకు మీద ఉప్పు పొడి మెరుస్తుంటుంది. అలాగని ప్రతి ఆకునూ ముట్టుకుని చూడకండి. ఆ అడవిలోనే తిల్ల అనే చెట్టు ఉంది. దాని కొమ్మ విరిస్తే పాలు కారతాయి. ఆ పాలు కంట్లో పడితే చూపు తాత్కాలికంగా పోయేటంత ప్రమాదం. కుర్చీలో కూర్చున్నవాళ్ళకూ చిన్నపిల్లలకూ కిందికి వాలిన కొమ్మలు ముఖం ఎత్తులో ఉంటాయి కనుక ఈ హెచ్చరిక వారికే ఎక్కువ అవసరం.

ఇక బురదమీది సంసారం. నీళ్ళు తీశాక చూడాలి. ఒక్క డెక్క మాత్రం ఒంటికి మించి పెరిగిన చిన్న పీతలు కన్నాల ముందు నిలబడి, ఆ డెక్కను రండి రండి అన్నట్టు ఊపుతుంటాయి. అవి మగవి, పిలుస్తున్నది ఆడపీతల్ని. బురదలో గెంతే చేపలుంటాయి, కళ్ళు నెత్తిమీద, రెక్కలే కాళ్ళు. ఒళ్ళు తడిగా ఉన్నంతసేపూ చర్మంతోనే గాలి పీల్చుకుంటూ నేలమీద తిరుగుతాయి. మనిషి నిలబడి వస్తుంటే దూరంనుంచే పసిగట్టి కన్నాల్లో దూరిపోతాయి. కాసేపు కదలకుండా ఉంటే మళ్ళీ బయటికి వస్తాయి. నడిచేవాళ్ళకు ఆ ఓపిక తక్కువ. ఈ అడవికి పేరు తెచ్చిన బావురుపిల్లీ నీటికుక్కా మాత్రం పగటిపూట జనం మధ్య కనిపిస్తాయని ఆశపెట్టుకోవద్దు.

ఇప్పుడు దారి సంగతికి వద్దాం. చెక్కదారి అన్నంతమాత్రాన అది చక్రాల దారి అయిపోదు. చక్రాల కుర్చీకి వెనక రెండు పెద్ద చక్రాలు, ముందు రెండు చిన్నవి. ప్రమాదమంతా ముందు చిన్నవాటితోనే. పలకల్ని దారి పొడవునా నిలువుగా పరిచారనుకోండి, చిన్నచక్రం రెండు పలకల సందులో ఇరుక్కుంటుంది, కూర్చున్న మనిషి ముందుకు తూలిపడతాడు. అంచేత పలకలు దారికి అడ్డంగా పరచాలి. సందు 12 మిల్లీమీటర్లు దాటకూడదు, అంటే మన చిటికెన వేలు పట్టేంత. అలాగని సందు లేకుండా బిగించినా తప్పే. వాన నీరు దిగాలి, చెక్క ఉబ్బడానికి చోటుండాలి. ఉప్పుగాలికి మేకులు తుప్పుపట్టి తలలు పైకి లేస్తాయి. పాచి పడితే పలక జారుతుంది. ఇవి కట్టేటప్పటి లోపాలు కావు, కట్టి వదిలేసిన తరువాత వచ్చేవి. ప్రారంభోత్సవం నాడు బాగున్న దారి రెండు వర్షాకాలాలు గడిచేసరికి ఎలా ఉందన్నదే అసలు పరీక్ష.

వాలు గురించి ఒక సులభమైన లెక్క గుర్తుపెట్టుకోండి. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే కనీసం పన్నెండు అడుగుల పొడవున వాలు ఉండాలి. మా అక్కయ్యను ఆపిన మూడు మెట్లూ ఒక్కొక్కటి అర అడుగు చొప్పున అడుగున్నర ఎత్తు. పక్కన పద్ధెనిమిది అడుగుల వాలు వేస్తే సరిపోయేది. అక్కడ స్థలానికి లోటు లేదు, ఆ పక్కన పూలకుండీలు వరసగా పెట్టి ఉన్నాయి. నిజానికి పన్నెండుకు ఒకటి అనేది కూడా చేతుల్లో బలం ఉన్నవారికే. ఇరవై అడుగులకు ఒక అడుగు చొప్పున లేస్తే పెద్దవయసువారు కూడా ఆయాసపడకుండా వెళ్ళగలరు. మన ఊళ్ళలో దుకాణాల ముందూ ఆఫీసుల ముందూ స్కూటరు ఎక్కించడానికి వేసే నిటారు వాలును చూపించి, ఇదిగో వికలాంగులకు ఏర్పాటు చేశాం అంటుంటారు. దానిమీద కుర్చీ ఎక్కదు. ఎక్కినా, దిగేటప్పుడు మనిషి నిలవడు.

వెడల్పు విషయం. ఒక కుర్చీ పోవడానికి మూడడుగులు కావాలి. ఎదురుగా మరో కుర్చీ వస్తే తప్పుకోవడానికి ఆరడుగులు. పొడవునా ఆరడుగుల దారి వేయాలంటే ఖర్చు, పైగా అన్ని చెట్లు కొట్టాలి. అందుకని దారిని ఓ మోస్తరుగా ఉంచి, అక్కడక్కడ వెడల్పు చేస్తే చాలు. దారి చివర మాత్రం కుర్చీ గుండ్రంగా తిరగడానికి ఐదడుగుల చదరం తప్పనిసరి. అది లేకపోతే వెళ్ళిన మనిషి వచ్చిన దారంతా వెనక్కి వెనక్కి రావాలి. ముప్ఫై మీటర్లకొకచోట ఆగడానికి జాగా, అక్కడ ఒక బల్ల, బల్ల పక్కన కుర్చీ పట్టేంత ఖాళీ ఉండాలి. బల్ల కిందా పక్కనా ఖాళీ లేకపోతే కుటుంబమంతా బల్లమీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే కుర్చీలో మనిషి దారికి అడ్డంగా విడిగా ఉండిపోతాడు.

ఎవరూ పట్టించుకోనిది చేపట్టు కమ్మీ. కూర్చున్న పెద్దమనిషి కళ్ళు నేలనుంచి మూడున్నర, నాలుగు అడుగుల మధ్య ఉంటాయి. మన ఇంజనీర్లు భద్రత కోసమని వేసే అడ్డుకమ్మీ సరిగ్గా అదే ఎత్తులో వస్తుంది. నిలబడ్డవాడు కమ్మీ పైనుంచి అడవిని చూస్తాడు, కూర్చున్నవాడు కమ్మీనే చూస్తాడు. కమ్మీని తీసేయమనడంలేదు, బురద అంత లోతున ఉన్నప్పుడు అది ఉండాల్సిందే. ఆగే చోట్లనైనా ఆ ఎత్తులో లావుపాటి అడ్డుకర్రకు బదులు సన్నని తీగల వల వేస్తే చూపు బయటికి పోతుంది. చక్రం అంచు దాటి జారకుండా కింద నాలుగు వేళ్ళ ఎత్తున ఒక పట్టీ కొట్టాలి. చెట్ల పేర్లు రాసిన పలకలు కూడా ఆరడుగుల మనిషి కళ్ళకెదురుగా కాక కొంచెం దిగువన, ముందుకు వాల్చి పెట్టాలి. అలా పెడితే పిల్లలూ చదువుకుంటారు.

ఇన్ని చెక్కలు వేస్తే అడవికి చెరుపు కాదా అని కొందరి సందేహం. సరిగ్గా వేస్తే మేలే. దీనికి ఒక దూరదేశపు ఉదాహరణ చెబుతాను. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళివచ్చిన తల్లిదండ్రుల్లో కొందరు చూసే ఉంటారు. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన మ్యూర్ వుడ్స్ అనే చోటు ఉంది. 250 అడుగులు దాటిన ఎత్తుతో, వందల ఏళ్ళ వయసుతో నిలిచిన రెడ్‌వుడ్ చెట్ల అడవి. 1908లోనే దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. అంత ఎత్తు చెట్లకు వేళ్ళు మాత్రం లోతుకు పోవు, పైపైనే నలుదిక్కులా పాకుతాయి. వచ్చే జనం తొక్కుడికి మన్ను గట్టిపడితే నీరు ఇంకదు, వేళ్ళు దెబ్బతింటాయి. అందుకని లోయ అడుగున ప్రధాన దారిలో చాలాభాగం నేలకు ఎత్తున చెక్కలు వేశారు. నడిచేవారి తొక్కుడు తప్పి వేళ్ళు బాగున్నాయి, చదునుగా ఉండటంవల్ల ఆ దారిలో చక్రాల కుర్చీలూ వెళుతున్నాయి. మడలో ఊపిరి వేళ్ళకూ ఇదే రక్ష. దారి అంటూ ఉంటే జనం దారిమీదే ఉంటారు.

బళ్ళారి, రాయచూరు వైపు శ్రోతలూ, చంద్రపూర్, గడ్చిరోలి వైపు వారూ, మాకు మడ అడవి ఎక్కడిదయ్యా అనవచ్చు. మీకు ఉన్నది మెట్ట అడవి. మోదుగ, ఇప్ప, తునికి, తంగేడు వంటివి పెరిగే నేల. ఇక్కడ చెక్కలతో పని తక్కువ. మొరం పోసి, తడిపి, రోలరుతో గట్టిగా అణచితే చక్రానికి అంతకన్న మంచి బాట లేదు. వదులు ఇసుక, గులకరాళ్ళు మాత్రం పనికిరావు, చక్రం కూరుకుపోతుంది. మీకు అసలు శత్రువు పల్లేరుకాయ. దాని తరువాత తుమ్మముల్లు. గాలి చక్రాలున్న కుర్చీ అడవి మధ్యలో పంక్చరైతే ఆ అవస్థ చెప్పనలవి కాదు. వెళ్ళేముందు దారి ఊడ్పించుకోవాలి, లేదా గట్టి రబ్బరు చక్రాలున్న కుర్చీ తీసుకువెళ్ళాలి. మోదుగ పూసే ఫాల్గుణంలో ఆకులన్నీ రాలి దారిని కప్పి ఉంటాయి. చూడ్డానికి అందమే గాని, ఆ ఆకుల కింద గుంట ఉందో రాయి ఉందో కుర్చీ నెట్టేవారికి తెలియదు.

ఒడిశాలో భితర్‌కనికా, తమిళనాట పిచ్చావరం కూడా పేరుమోసిన మడ అడవులే. అక్కడికి వెళ్ళేవాళ్ళకు పడవ ప్రయాణం ఉంటుంది. రేవునుంచి పడవలోకి దిగే ఆ రెండడుగులే కష్టం. నీటిమట్టంతోపాటు లేచి దిగే తేలుడు వంతెనతో దాన్ని తప్పించవచ్చు.

చట్టం ఏమంటుందో ఒక్కమాట. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19నుంచి అమలులో ఉంది. ప్రజలు వినియోగించే కట్టడాలు, వినోద విహారాలకు ఉద్దేశించినవి కూడా, అందరికీ అందుబాటులో ఉండాలని అది చెబుతుంది. పాతవాటిని సరిచేయడానికి ఇచ్చిన ఐదేళ్ళ గడువు 2022లోనే తీరిపోయింది. వాలు ఎంత, వెడల్పు ఎంత అన్న కొలతలు 2021లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన మార్గదర్శకాల్లో ఉన్నాయి. ఆ కొలతలను వట్టి సలహాలుగా వదిలేస్తే కుదరదనీ, తప్పనిసరి నిబంధనలు చేయాలనీ 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి మీ దగ్గరి అడవి ఉద్యానవనంలో వాలుదారి కావాలని మీరు అర్జీ రాస్తే అది దయ చూపించమని అడుక్కోవడం కాదు. అర్జీలో ఊరికే "ఏర్పాట్లు చేయండి" అని రాయకండి. మెట్లు ఎన్ని, ఎత్తు ఎంత, గేటు వెడల్పు ఎంత, వాలుకు ఎన్ని అడుగుల చోటు ఉంది అని టేపుతో కొలిచి రాయండి. అంకెలున్న అర్జీని పక్కన పెట్టడం కష్టం.

ఇక మడ అడవికి బయలుదేరేవారికి. ముందురోజు అటవీశాఖ ఆఫీసుకు ఫోను చేసి మూడే మూడు ప్రశ్నలు అడగండి. బండి ఆగే చోటునుంచి దారి మొదలుదాకా మెట్టు ఏమైనా ఉందా? పలకలన్నీ ఉన్నాయా, మరమ్మతులో ఉన్నాయా? కుర్చీ పట్టే మరుగుదొడ్డి ఉందా? ఆ మూడో ప్రశ్న అడగడానికి మొహమాటపడి, ముందురోజు రాత్రినుంచే నీళ్ళు తాగడం మానేసే ఆడవాళ్ళను నేనెరుగుదును. కుర్చీ కొలత, చక్రం అంచునుంచి అంచుదాకా, ఒక కాగితంమీద రాసి దగ్గర ఉంచుకోండి.

పోటు పాటు వేళలు జాలర్లను అడిగితే చెబుతారు. పోటుకూ పాటుకూ మధ్య సుమారు ఆరు గంటల తేడా, ఈ రోజు వచ్చిన పోటు రేపు రెండు గడియలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకూ పున్నమికీ నీళ్ళు బాగా ఎక్కి బాగా తీస్తాయి. పీతలు చూడాలంటే పాటువేళకు కొంచెం ముందుగా చేరండి. ఎండ తగ్గి ఉండాలి, కుర్చీ ఇనుము కాలుతుంది. కుర్చీ నెట్టేవాళ్ళు ఒక చోట ఆపి, చక్రాలకు బ్రేకు వేసి, పక్కన మీరు కూడా కిందకూర్చోండి. పావుగంట మాట్లాడకండి. మొదట కన్నాలే కనిపిస్తాయి. ఆ తరువాత ఒక డెక్క బయటికి వస్తుంది.